తడిపిన నేల

గొర్రెలు అమ్మేసి తొమ్మిదేళ్లయినా కుళ్లాయప్ప చూపు నేల మీదనే ఉండేది. ఎదురొచ్చే మనిషి ముఖం కంటే ముందు అతని అడుగు చూసేవాడు. యాడికి ఊరి పక్క బీళ్లలో ముప్పై ఏళ్లు మంద తోలినవాడాయె. తప్పిపోయిన మేక పొద్దున పోయిందా మధ్యాహ్నం పోయిందా, తనంతట తాను పోయిందా ఎవరైనా తోలుకుపోయారా, ఏ కాలు ఈడుస్తోంది, అన్నీ గిట్ట గుర్తు అంచు చూసి చెప్పేవాడు. వరసగా వానలు ఎగ్గొట్టి మంద అమ్ముకోవాల్సి వచ్చాక, అనంతపురం ఊరి బయట పెన్నేరు క్లబ్బు వాళ్ల ఫుట్‌బాల్ మైదానంలో అతనికి పని దొరికింది.

పెన్నేరు క్లబ్బుది ఆడపిల్లల జట్టు. జీతాలిచ్చి ఆడించే పెద్ద లీగులో రెండేళ్ల కిందటే చోటు సంపాదించుకుంది. గడ్డికి నీళ్లు పెట్టడం, సున్నం గీతలు గీయడం, ఆట అయ్యాక బూట్లు చీల్చిన చోట్ల మట్టి పోసి అదమడం కుళ్లాయప్ప పని. రోజూ గేటు తీసే ముందు మట్టి తాకి కళ్లకద్దుకునేవాడు. వాళ్లమ్మ గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ. ఏ పని మొదలుపెట్టినా స్వామి పేరు తలచుకోకుండా ఉండడు.

ఆ లీగులో ఒక నియమం ఉంది. మ్యాచికి ముందురోజు పొద్దున, బయటి ఊరి జట్టుకు ఒక గంట మైదానం అప్పజెప్పాలి. ఆ గంట గేట్లు మూసేస్తారు. సొంత జట్టు మనిషి ఒక్కడు కూడా లోపల ఉండకూడదు. గోడ మీద నుంచి చూడకూడదు, ఫోన్లో తీయకూడదు. వాళ్లు దాచుకున్న ఎత్తులు వాళ్లవి. కుళ్లాయప్ప ఆ గంట రోడ్డవతల టీ బంకులో కూర్చునేవాడు. ఈ రెండేళ్లలో ఒక్కనాడూ తొంగిచూసి ఎరగడు. వాళ్లు వెళ్లిపోయాక లోపలికొచ్చి గుంటలు పూడ్చేవాడు.

మైసూరు జట్టు వచ్చినప్పుడు మొదలైంది ఇదంతా. అంతకుముందు నాలుగు చినుకులు పడి నేల మెత్తగా ఉంది. వాళ్లు సాధన చేసి వెళ్లాక కుళ్లాయప్ప తట్టలో మట్టి వేసుకుని గోలు ముందర కూర్చున్నాడు. అటుగా వచ్చిన కోచ్ జయరాంతో ఊరికే మాటవరసకు అన్నాడు, ఎవరో పొడుగు పిల్ల గోలు దగ్గరికి పోకుండా వెనకనే నిలబడి పదిసార్లన్నా ఎగిరిందని, మిగతా పిల్లలంతా ఉత్తుత్తిగా అవతలి పక్కకు పరిగెత్తారని.

టీ బంకులో ఉన్న మనిషికి ఎట్లా తెలిసిందని జయరాం ఆశ్చర్యపోయాడు. కుళ్లాయప్ప చూపించాడు. అడుగు పొడవును బట్టి మనిషి పొడుగు తెలుస్తుంది. ఎగరబోయే ముందు మునివేళ్లు దిగబడతాయి. కిందికి దిగినాక మడమలు రెండూ ఒక్కసారే దిగబడతాయి. రెంటికీ మధ్య ఎంత దూరముందో చూస్తే ఎంత ఎత్తు ఎగిరిందో కూడా తెలుస్తుంది.

మరుసటి రోజు మైసూరు వాళ్లు మూల నుంచి కొట్టిన బంతి ప్రతిసారీ సరిగ్గా ఆ చోటికే వచ్చింది. గోల్‌కీపరు ఆరీఫా అక్కడ ముందే నిలబడి ఉంది. పెన్నేరు ఒక్క గోలుతో గెలిచింది. జయరాం అందరి ముందరా కుళ్లాయప్ప భుజం మీద చెయ్యి వేశాడు. అప్పటిదాకా ఆ భుజం మీద మట్టి తట్ట తప్ప ఎవరి చెయ్యీ పడలేదు.

రెండు వారాలకు కోయంబత్తూరు జట్టు రావాలి. ఎండలు ముదిరి నేల బండలా ఉంది. ముందురోజు జయరాం పిలిచి, వాళ్లు సాధనకు రాకముందే పొద్దున్నే రెండు గోల్‌పోస్టుల దగ్గరా నీళ్లు బాగా పట్టమన్నాడు. కుళ్లాయప్పకు అర్థం కాలేదు. ఆ సీమలో ఎండ తాగడానికి పొద్దున పూట నీళ్లు ఎవరు పోస్తారు? సాయంత్రం పోస్తేనే గడ్డికి అందుతాయి. అదే అడిగాడు.

"గుర్తులు బాగా పడాల గదన్నా," అని నవ్వాడు జయరాం.

అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాకే పైపు పట్టుకున్నాడు. ఇంట్లో సుంకమ్మ ఒక బిందె నీళ్లను మూడు పనులకు వాడుకుంటుంది. ఇక్కడ ఒక ట్యాంకరు నీళ్లు అడుగుజాడల కోసం పోస్తున్నాడు. అయినా చెయ్యి ఆగలేదు. భుజం మీద పడిన చెయ్యి గుర్తొచ్చింది. కోయంబత్తూరు పిల్లలు వెళ్లిపోయాక గోలు ముందర ఒక్కొక్కరు నిలబడిన చోట ఒక్కో గులకరాయి పెట్టి చూపించాడు. జయరాం ఫొటో తీసుకున్నాడు. ఆ మ్యాచి కూడా పెన్నేరే గెలిచింది.

ఆట అయ్యాక కోయంబత్తూరు కోచ్ మునిరత్నం ఒక్కడే మైదానంలోకి తిరిగొచ్చాడు. హోసూరు దిక్కు మనిషి, మంచి తెలుగు మాట్లాడతాడు. ఓడిపోయి కూడా ముందు గడ్డిని మెచ్చుకున్నాడు. కుళ్లాయప్ప ఇచ్చిన నీళ్లు తాగాడు. తరువాత నెమ్మదిగా, మా పిల్లలు ఎక్కడ ఎగురుతారో మీవాళ్లకు ఎట్లా తెలిసిందో మాకు బోధపడలేదు పెద్దాయనా అన్నాడు.

మంద కాసేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. బీడులో కలిసిన కొత్త మనిషి నీ విద్య ఏమిటని అడిగితే దాచుకోరు. జాడ తీయడం, గాలి వాసన పట్టడం, గొర్రె రోగం కనిపెట్టడం, అన్నీ అట్లా ఒకరి నుంచి ఒకరికి వచ్చినవే. కుళ్లాయప్ప మునిరత్నాన్ని గొంతుక్కూర్చోబెట్టి మునివేళ్ల గుర్తు, మడమ గుర్తు వేలితో తాకించి మరీ నేర్పించాడు. నీళ్ల మాట మాత్రం చెప్పలేదు. అది విద్య కాదని అతనికీ తెలుసు. మునిరత్నం అంతా విని రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. ఓడిన కోచే తన విద్యకు దండం పెట్టాడని ఆ సాయంత్రం కుళ్లాయప్ప పెళ్లాంతో గొప్పగా చెప్పుకున్నాడు.

మూడో రోజు లీగుకు ఫిర్యాదు పోయింది. మూసిన సాధన మీద పెన్నేరు వాళ్లు కన్నేశారని, మోసంతో గెలిచారని, ఆ జట్టును లీగులోంచే తీసేయాలని మునిరత్నం రాసిచ్చాడు. సోమవారం విచారణకు ముగ్గురు మనుషుల కమిటీ అనంతపురానికే వస్తుందని కబురొచ్చింది.

జయరాం కుళ్లాయప్పను సున్నం బస్తాలు పెట్టే గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు.

"అన్నా, వాళ్లకు తెలిసింది సగమే. నేల మీద పడిన గుర్తు చూడకూడదని ఏ రూలూ లేదు. నీళ్ల సంగతి నోరు జారినావంటే మాత్రం జట్టును పీకి పారేస్తారు. ఇరవై ముగ్గురు పిల్లలు ఇండ్లకు పోవాల."

"అబద్ధం చెప్పమంటాండావా సార్?"

"అబద్ధం ఎవరు చెప్పమన్నారు? అడగనిది చెప్పొద్దంటాండా. అంతే."

అడగనిది చెప్పకపోతే అది అబద్ధం అవుతుందా కాదా అని కుళ్లాయప్ప ఆ రోజంతా గీతలు గీస్తూ ఆలోచించాడు. ఒక గీత వంకరపోయింది. చెరిపి మళ్లీ గీశాడు. గీత ముగిసే చోట ఆరీఫా నిలబడి ఉంది. వాళ్ల నాయన అతావుల్లాకు గుత్తిలో పంక్చరు షాపు. జట్టుకు కెప్టెన్ కూడా ఆ పిల్లే.

"పెద్దనాయనా, మేం మోసం చేసినామని రాసినారంట. నిజమేనా?" అని అడిగింది. "సారు బోర్డు మీద ఈడ నిలబడు అని గీసి చూపిస్తే నిలబడినా. నాకు ఇంకేం తెలీదు."

కుళ్లాయప్ప సున్నం డబ్బా తీసుకుని అవతలి మూలకు నడిచాడు. ఆ పిల్ల అక్కడే నిలబడి తనను చూస్తూ ఉందని వెనక్కి తిరక్కుండానే తెలిసింది.

సోమవారం పొద్దున సుంకమ్మ దేవుని పటం ముందర కర్పూరం వెలిగించి, పిల్లలకు ఏమీ కాకుంటే గూగూడుకు పోయి స్వామి ముందర చక్కెర పెట్టి చదివిస్తానని మొక్కుకుంది. కుళ్లాయప్ప పక్కనే నిలబడ్డాడు కానీ అతనికి చేతులు జోడించడానికి కూడా బెరుకుగా ఉంది. తను దాచింది దాగిపోవాలని మొక్కుకోవచ్చునా అని పెళ్లాన్ని అడిగాడు.

"నువ్వు నీళ్లు పట్టేటప్పుడు స్వామి చూడలేదనుకున్నావా?" అంది ఆమె.

"చూసినాడు గదా, అప్పుడే చెయ్యి పట్టుకుని ఆపొచ్చు గదా మరి."

"నీ చెయ్యి పట్టుకుని కూర్చోడమేనా ఆయన పని? నేను పిల్లల కోసరం మొక్కుకున్నా. నీ సంగతి నువ్వు చూసుకోప్పా."

కుళ్లాయప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయలుదేరాడు.

విచారణ క్లబ్బు ఆఫీసులోనే జరిగింది. కమిటీకి పెద్ద అబ్దుల్ గఫూర్, కర్నూలు దిక్కు మనిషి, జడ్జిగా చేసి రిటైరయ్యాడు. ఒక పక్క మునిరత్నం కూర్చున్నాడు. ఇంకో పక్క జయరాం, క్లబ్బు మేనేజరు ఉమాదేవి. ఆమెకు నీళ్ల సంగతి తెలియదు. లోపలికి పోయేటప్పుడు కుళ్లాయప్పతో ఒకటే చెప్పింది, జరిగింది జరిగినట్టు చెప్పమని.

జడ్జి అడిగాడు, కుళ్లాయప్ప చెప్పాడు. మంద కాసిన సంగతి, జాడ తీసే సంగతి, మైసూరు జట్టు సంగతి. మునివేళ్లు, మడమలు అంటున్నప్పుడు జడ్జి కళ్లద్దాలు తీసి శ్రద్ధగా విన్నాడు. సాధన జరిగేటప్పుడు లోపలికి పోయావా అంటే లేదన్నాడు. చూశావా అంటే లేదన్నాడు. టీ బంకు మనిషిని అప్పటికే అడిగి రాసుకున్నారు, అతనూ అదే చెప్పాడు.

జడ్జి మిగతా ఇద్దరి వైపు తిరిగి, మైదానం చూసుకునే మనిషి తన కాళ్ల కింద ఉన్నది చూడటం నేరమని నియమాల్లో తనకెక్కడా కనపడలేదన్నాడు. మునిరత్నం కుర్చీలో ముందుకు జరిగాడు. ఇది న్యాయమేనా అని గొంతు పెంచబోయి, జడ్జి చూపు చూసి తగ్గాడు. జయరాం మోకాలి మీద వేళ్లు ఆడించడం ఆపేశాడు. జడ్జి ఫైలు మూశాడు.

ఎవరూ ఇంకేమీ అడగలేదు. కుళ్లాయప్ప లేచి బయటికి పోవచ్చు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. కిటికీలోంచి మైదానం అవతల గోడ నీడన కూర్చున్న పిల్లలు కనపడుతున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఇరవై ముగ్గురు ఒకచోట ఉంటే ఎప్పుడూ అంత నిశ్శబ్దం ఉండదు.

"సార్, ఇంకొకటి ఉండాది," అన్నాడు.

జయరాం తల ఎత్తాడు. కుళ్లాయప్ప అతని వైపు చూడకుండా చెప్పాడు. కోయంబత్తూరు వాళ్లు రాకముందు పొద్దున పూట నీళ్లు పట్టిన సంగతి, ఎవరు పట్టమన్నారో, ఎందుకు పట్టమన్నారో, తెలిసే పట్టిన సంగతి, గులకరాళ్లు, ఫొటో. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగు రోజులు మోసిన బరువు ఇంత చిన్నదా అనిపించింది.

ఉమాదేవి జయరాం వైపు తిరిగి చూసింది. అతను నేల చూపులు చూశాడు.

"ఇది చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు?" అన్నాడు జడ్జి.

"జట్టును తీసేస్తారని చెప్పినారు సార్."

"తెలిసీ ఎందుకు చెప్పినావు?"

కుళ్లాయప్ప తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. "ఆ పిల్లలు జాడ చూడలేదు, నీళ్లు పట్టలేదు. మోసం అంటూ ఒకటి జరిగింది. అది ఎవరి దగ్గర ఉండాదో నేను చెప్పకపోతే వాళ్ల నెత్తినే ఉండిపోతాది గదా సార్."

జడ్జి అందరినీ బయటికి పంపి తలుపు వేయించాడు. కుళ్లాయప్ప ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. జయరాం దూరంగా మోటారు సైకిలుకు ఆనుకుని నిలబడ్డాడు, తిట్టనూ లేదు, దగ్గరికి రానూ లేదు. రెండు గంటలు గడిచాయి. తప్పు చేసినవాడి నోటి నుంచి నిజం రావడం మంచిదే కావచ్చు, కానీ ఆ నిజం వల్ల ఏ తప్పూ లేనివాళ్లు వీధిన పడితే అది పుణ్యమా పాపమా అని స్వామిని అడిగాడు. అడిగినంత సేపూ అడిగాడు. లోపల ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం వినపడుతోంది.

తలుపు తెరిచారు. జడ్జి నిలబడే చదివాడు. మైసూరు జట్టు మీద గెలుపు గెలుపే, దాన్ని ఎవరూ ముట్టుకోరు. కోయంబత్తూరు మీద గెలిచిన మూడు పాయింట్లు పెన్నేరు నుంచి తీసేస్తున్నారు. జయరాం వచ్చే సీజను ముగిసేదాకా ఏ జట్టుకూ కోచ్‌గా ఉండకూడదు. కుళ్లాయప్ప నాలుగు మ్యాచులు అయ్యేదాకా ఈ మైదానంలో అడుగు పెట్టకూడదు, ఈ నిమిషం నుంచే. ఆడిన పిల్లల మీద ఏ మచ్చా లేదని కాగితం మీద రాస్తున్నారు. క్లబ్బు లీగులోనే ఉంటుంది.

కుళ్లాయప్ప గోడ పట్టుకున్నాడు. ఉమాదేవి కుర్చీలో కూలబడి పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. కిటికీ అవతల ఎవరో పిల్ల విన్నట్టుంది, గోడ నీడలోంచి ఒక్కసారిగా కేకలు లేచాయి.

మునిరత్నానికి మాత్రం మనసు కుదుటపడలేదు. వాళ్లకు మూడు పోయాయి సరే, నాకేం వచ్చిందని అడిగాడు. జడ్జి ఆ మాటకు కోప్పడలేదు. వాళ్లకు తెలియకుండా ఉంటే మీరు గెలిచేవాళ్లో ఓడేవాళ్లో తాను చెప్పలేనని, ఆడని ఆటకు ఫలితం రాసే అధికారం తనకు లేదని అన్నాడు. ఆ నీళ్ల సంగతి వేరే నోటి నుంచి తరువాత తెలిసి ఉంటే క్లబ్బును తీసేయమనే రాసేవాణ్ణని కూడా అన్నాడు. మునిరత్నం పోతూ పోతూ కుళ్లాయప్ప దగ్గర ఆగాడు.

"నాకు విద్య నేర్పించినోడి మీదనే ఫిర్యాదు పెట్టినాను పెద్దాయనా. మనసులో పెట్టుకోవద్దు."

"నువ్వు పెట్టకపోతే నేను చెప్పేవాణ్ణే కాదు నాయనా," అన్నాడు కుళ్లాయప్ప. అది నిజమే.

గేటు దాటి రోడ్డు మీదకు వచ్చేసరికి వెనక నుంచి ఆరీఫా పరిగెత్తుకుంటూ వచ్చింది. గదిలో మరిచిపోయిన అతని చెప్పులు, టిఫిను క్యారియరు చేతిలో ఉన్నాయి. గేటు లోపలి నుంచే అందించింది. అతను బయట నిలబడి అందుకున్నాడు. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ ముఖం తేటపడింది.

"గోలు కొట్టింది మేము. తొంభై నిమిషాలు ఎండలో ఉరికింది మేము. ఆ మూడూ మావి కావా పెద్దనాయనా?"

"ఆ మాట నేనూ అడగాలనుకున్నా పాపా, నోరు రాలేదు. చెమట మీదే. దాంట్లో నేను పోసిన నీళ్లు కలిసినాయి. ఏది ఎంతో విడదీయడానికి ఆ జడ్జి సారుకు కూడా రాలేదేమో."

"నువ్వు ఊరికే ఉండింటే మూడూ ఉండేవి."

"ఉండేవి."

ఆరీఫా గేటు కమ్మీ పట్టుకుంది. "పోయినవారం బస్టాండులో ఎవడో మమ్మల్ని చూసి దొంగ టీమని అరిచినాడు. మా నాయన షాపు కాడ కూడా అడిగినారంట. ఇప్పుడు వాళ్లకు కాగితం చూపిస్తా." తరువాత ముక్కు తుడుచుకుని అడిగింది, "నువ్వు లేకుంటే గడ్డికి నీళ్లు ఎవరు పెడతారు?"

"మీరే పెట్టుకోండి. సాయంత్రం పూట."

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. కుళ్లాయప్పకు కూడా నవ్వొచ్చింది. నాలుగు రోజులుగా నవ్వని ముఖం నవ్వేసరికి దవడలు నొప్పి పెట్టాయి. లోపల ఎవరో ఈల వేశారు. కోచ్ లేడు కాబట్టి ఉమాదేవే చెప్పులు విడిచి మైదానంలోకి దిగినట్టుంది. ఆరీఫా గేటుకు గడియ పెట్టి లోపలికి ఉరికింది.

కుళ్లాయప్ప ఇంటికి పోదామనుకున్నాడు. సుంకమ్మకు చెప్పాలి, చక్కెర సంగతి చూసుకోవాలి. రెండడుగులు వేసి ఆగాడు. గోడ అవతల బంతి చప్పుడు, పిల్లల అరుపులు, ఎవరో ఎవరినో ఎద్దులా అడ్డమొచ్చావని తిట్టడం. గోడకు వీపు ఆనించి రోడ్డు పక్కనే కింద కూర్చున్నాడు. మైదానంలో అడుగు పెట్టకూడదన్నారు. గోడ బయట కూర్చుని వినడం కూడా తప్పేనా? తీర్పులో ఆ మాట ఉందో లేదో గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. ఎవరినైనా అడిగి రావాలా అనుకున్నాడు. అనుకుంటూనే క్యారియరు మూత తీసి, పొద్దున సుంకమ్మ పెట్టిచ్చిన సంగటి ముద్ద విరిచాడు.